మాట వినడం

"మావాడు నా మాట వినడండీ" అన్న ఫిర్యాదు చెవిన పడని తెలుగు వీధి ఉండదు. అది విన్నవాళ్ళెవరూ ఆ పిల్లవాడికి చెవుడేమోనని కంగారు పడరు. వాడికి శుభ్రంగా వినిపిస్తుంది. చెప్పినట్టు చెయ్యడు, అంతే. మన భాషలో వినడమంటే మాట చెవికి చేరడం ఒక్కటే కాదు, ఆ మాటకు లోబడటం కూడా.

ఈ మెలిక తెలుగు ఒక్కదానికే పరిమితం కాదు. ఇంగ్లీషులో విధేయతను చెప్పే 'ఒబే' అన్న మాటను తవ్వుకుంటూ పోతే, అడుగున ఉన్న లాటిన్ మాటలో వినడమనే క్రియే బయటపడుతుంది. మనం రోజూ వాడే 'ఆడియో' కూడా ఆ కుటుంబానిదే. కాబట్టి ఇందులో తెలుగువారి ప్రత్యేక దోషమేమీ లేదు. అయితే, ఒకే మాటలో రెండర్థాలు కాపురం చేస్తున్నప్పుడు వాటిలో ఒకటి రెండోదాన్ని మింగేస్తుందా అన్నది ఆలోచించదగిన విషయం.

మనుషుల మధ్య మాటలు కరువైపోయాయని వాపోయేవారు సాధారణంగా సెల్ ఫోనునో, టీవీనో, తీరికలేనితనాన్నో నిందిస్తారు. వాటి పాపం వాటికి ఉండనే ఉంది. కానీ అవేవీ లేని రోజుల్లో సైతం మన ఇళ్ళలో ఒక రకమైన వినికిడి లోపం ఉండేది. దాని వేరు ఈ 'మాట వినడం'లోనే ఉందని నా అభిప్రాయం.

*

ఈ వినడానికి ఒక దిక్కు ఉంది, గమనించండి. అది ఎప్పుడూ కింది నుంచి పైకే సాగుతుంది. పిల్లలు పెద్దల మాట వినాలి. కోడలు అత్తగారి మాట వినాలి. పాలేరు ఆసామి మాట వినాలి. దిక్కు మారిందా, అర్థం చెడిపోతుంది. "కొడుకు మాట వింటున్నాడు" అంటే ముసలాయనకు పెత్తనం పోయిందని అర్థం. "పెళ్ళాం మాట వింటాడు" అంటే అది మెచ్చుకోలు కాదు, ఎగతాళి. పైవాడు కిందివాడి మాట వినడాన్ని గౌరవంగా చెప్పే నుడికారం నాకైతే వెంటనే తోచడం లేదు.

దీని ఫలితం ఏమిటంటే, వినడాన్నీ ఒప్పుకోవడాన్నీ మనం ఒకే తాడుతో కట్టేశాం. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా విన్నామంటే సగం ఒప్పుకున్నట్టే అన్న భయం మనకు తెలియకుండానే పట్టుకుంది. పదో తరగతి పాసైన అమ్మాయి "నాన్నా, నేను ఎం.పి.సి. చదవను, సి.ఇ.సి. తీసుకుంటాను" అందనుకోండి. చాలా ఇళ్ళలో దానికి వచ్చే సమాధానం "ఆ మాట మళ్ళీ ఎత్తకు" అనే. ఆ తండ్రి క్రూరుడేమీ కాదు. ఆ పిల్ల భవిష్యత్తు కోసం రాత్రింబవళ్ళు కష్టపడుతున్నవాడే. "ఎందుకమ్మా?" అని ఒక్క మాట అడగడానికి ఆయనకు అడ్డుపడుతున్నది కోపం కాదు, భయం. అడిగితే ఆమె కారణం చెబుతుంది. చెబితే వినాలి. వింటే ఒప్పుకోవాల్సి వస్తుంది!

ఒప్పుకోవలసిన పని లేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. విని కాదనడం వేరు, వినకుండా కాదనడం వేరు. మొదటిదాంట్లో ఆ పిల్లకు తాను కోరుకున్న చదువు మాత్రమే దక్కదు. రెండోదాంట్లో తండ్రి కూడా దక్కడు. లెక్కలంటే ఆమెకు నిజంగా ఇష్టం లేదో, లెక్కల మాస్టారు తరగతిలో ఏమైనా అన్నాడో, హాస్టలుకు వెళ్ళాలంటే భయమో, స్నేహితురాలితో కలిసి ఉండాలన్న చిన్న కోరికో, ఏదో ఒకటి ఆ "ఎందుకు" వెనకాల ఉంది. ఆ తలుపు ఒకసారి మూసుకుంటే రేపు ఇంతకంటే పెద్ద కష్టం వచ్చినప్పుడు ఆ పిల్ల దాన్ని తట్టదు. "ఇంత జరుగుతుంటే మాకొక్క మాట చెప్పలేదే!" అని ఆనాడు తల్లిదండ్రులు ఏడుస్తారు. చెప్పడం అనేది ఒక్క రోజులో పుట్టే ధైర్యం కాదు. చిన్న చిన్న మాటలు చెప్పుకున్న చోటే పెద్ద మాట చెప్పుకోగలుగుతారు.

*

మన భాషలోనే ఇంకో రకం వినడం కూడా ఉంది. దానికి విధేయతతో సంబంధం లేదు. అది ఊ కొట్టడం.

వేసవి రాత్రి డాబా మీదనో, వాకిట్లో నులక మంచం మీదనో కథ విన్న ప్రతివాడికీ ఆ నియమం తెలుసు. చెప్పేవారు చెబుతూ ఉండాలి, వినేవారు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. "నిద్రపోయావా?" అన్న ప్రశ్న వస్తుంది. అక్కడ ఊ అంటే రాజు చేసింది న్యాయమని ఒప్పుకోవడం కాదు. 'నేనిక్కడే ఉన్నాను, చెప్పు' అనడం. బుర్రకథలో ఈ పనినే ఒక కళగా మలిచారు. నడుమ కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం పండిస్తారు, ఇంకొకరు లోకం పోకడ మీద వ్యాఖ్యానిస్తారు. ప్రశ్నిస్తారు, ఆశ్చర్యపోతారు, తోడు పలుకుతారు. ఆ ఇద్దరూ లేకపోతే కథకుడి వీరావేశం గాలిలో కలిసిపోతుంది.

విచిత్రమేమిటంటే, ఈ రెండు మంచి మాటలనూ మనం తరవాత పాడు చేసుకున్నాం. "అన్నిటికీ ఊ కొడతాడు" అంటే వెన్నెముక లేనివాడని అర్థం. "వంత పాడతాడు" అంటే భజనపరుడని అర్థం. ఇక్కడ కూడా వినడం మీద ఒప్పుకోవడమనే మచ్చ పడిపోయింది.

ఊ కొట్టడం వినోదం కోసం పెట్టుకున్న ఆచారం మాత్రమేనా? కాదని తేల్చిన ఒక చక్కని ప్రయోగం ఉంది. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన జానెట్ బావెలాస్, ఆమె సహచరులు దాన్ని 2000లో ప్రచురించారు. త్రుటిలో తప్పిపోయిన ప్రమాదం గురించి ఒకరు చెబుతుంటే మరొకరు వినాలి. అయితే కొందరు శ్రోతలకు రహస్యంగా ఒక పని అప్పగించారు: ఎదుటివారి మాటల్లో 'టి' అక్షరంతో మొదలయ్యే పదాలెన్నో లెక్కపెట్టాలి. ఆ శ్రోతలు చెవులు రిక్కించి వింటూనే ఉన్నారు, ఒక్క మాట కూడా పొల్లుపోవడం లేదు. కానీ వారు వింటున్నది అక్షరాలను, కథను కాదు. ఫలితంగా చెప్పేవారే తడబడ్డారు. ముఖ్యంగా కథ పతాక స్థాయికి చేరవలసిన చోట మాట తెగిపోయింది. కొందరు చెప్పిందే మళ్ళీ చెప్పారు, ఇది నిజంగా ప్రమాదమేనని సంజాయిషీ ఇచ్చుకున్నారు. శ్రోత కథకు సహకథకుడని ఆ పరిశోధకులు అన్నారు. మన అమ్మమ్మలకు ఈ సంగతి ప్రయోగాలు లేకుండానే తెలుసు.

దీన్ని మన ఇళ్ళకు అన్వయించుకుంటే ఒక కఠినమైన సత్యం కనిపిస్తుంది. "మా ఆయనకు మాట్లాడటమే రాదు", "మా అబ్బాయి నోట్లోంచి ముత్యాలు రాలవు" అని మనం ఎదుటివారి స్వభావం మీద తీర్పు చెబుతుంటాం. మాట్లాడలేకపోవడం ప్రతిసారీ చెప్పేవాడి లోపమే కానక్కరలేదు. అటువైపు ఎవరో 'టి' అక్షరాలు లెక్కపెడుతూ ఉండవచ్చు. మార్కులు, జీతం, పెళ్ళి సంబంధం, పరువు... మన ఇళ్ళలో లెక్కపెట్టే అక్షరాలకు కొదవేముంది?

*

"అన్నీ వింటూ కూర్చోవడానికి తీరిక ఎక్కడిది?" అనే వారున్నారు. న్యాయమైన ప్రశ్నే. తీరిక నిజంగా లేని చోటు ఒకటి చూద్దాం: వైద్యుడి గది.

1984లో అమెరికాలో హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 వైద్య సంభాషణలను రికార్డు చేసి పరిశీలించారు. రోగి తన బాధ మొదలుపెట్టిన తరవాత సగటున 18 సెకన్లలో వైద్యుడు అడ్డు తగిలాడు. చెప్పదలచుకున్నది పూర్తి చేయగలిగినవారు 74 మందిలో 17 మందే. 1999లో ఇలాంటిదే మరొక అధ్యయనం వచ్చింది. అందులో తేలిన విశేషం ఏమిటంటే, అడ్డు లేకుండా పూర్తిగా చెప్పుకున్న రోగులు అడ్డు తగిలినవారి కంటే సగటున 6 సెకన్లు మాత్రమే ఎక్కువ తీసుకున్నారు. 2002లో స్విట్జర్లాండులోని బాసెల్ ఆసుపత్రిలో వైద్యులు నోరు మెదపకుండా 335 మంది రోగులను చెప్పనిచ్చారు. సగటున 92 సెకన్లకు రోగులే ఆగిపోయారు. 100కు 78 మంది 2 నిమిషాల లోపే ముగించారు.

మన ప్రభుత్వాసుపత్రుల ఓ.పి. గది ముందు ఉండే క్యూ స్విట్జర్లాండులో ఉండదన్నది ఒప్పుకుంటాను. ఆ క్యూలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలివ్వడమే ఎక్కువ. కానీ మన ఇంటి ముందు క్యూ లేదు కదా! భోజనాల దగ్గర కూర్చున్న నలుగురిలో ఒకరి మాటకు 92 సెకన్లు ఇవ్వలేని ఇల్లు ఏదీ ఉండదు. ఇవ్వలేకపోతున్నది తీరిక కాదు, చోటు.

*

విన్నాం సరే, తరవాత? ఇక్కడే మనలోని మంచివాళ్ళంతా బోల్తా పడతారు. వెంటనే సలహా ఇస్తారు. "నీ స్థానంలో నేనుంటేనా..." అని మొదలుపెడతారు. ఇతరుల స్థానంలో మనల్ని ఊహించుకోవడమే సహానుభూతి అని పుస్తకాలు చెబుతాయి కాబట్టి ఇది ఉత్తమమైన పనిగానే కనిపిస్తుంది. 2018లో తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు దీన్ని 25 ప్రయోగాలతో పరీక్షించారు. ఎదుటివారి స్థానంలో ఉండి ఊహించుకోమని చెప్పినంత మాత్రాన వారి మనసును సరిగా గ్రహించే శక్తి పెరగలేదు. నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడు మాత్రం పెరిగింది. ఊహలో మనం ఎదుటివాడి స్థానంలోకి వెళ్ళేటప్పుడు మన సామాన్లన్నీ మూటగట్టుకునే వెళతాం. అక్కడ కూర్చుని చూస్తున్నది మన కళ్ళే. వాడి కళ్ళతో చూడాలంటే వాణ్ణి అడగక తప్పదు.

ఈ విషయంలో తెలుగువారికి గర్వపడదగిన మాట ఒకటుంది: పరామర్శ. ఇదే సంస్కృత పదం హిందీలోకి వెళ్ళి సలహా, సంప్రదింపు అనే అర్థంలో స్థిరపడింది. అక్కడ పరామర్శ ఇస్తారు. మనం పరామర్శిస్తాం, అంటే వెళ్ళి పలకరిస్తాం, ఎలా ఉన్నారని అడుగుతాం, పక్కన కూర్చుంటాం. ఒకే పదం ఉత్తరాన చెప్పడం వైపు, ఇక్కడ అడగడం వైపు మళ్ళింది. కానీ మన పరామర్శల తీరు ఇప్పుడు ఎలా ఉందో మీకు తెలియనిది కాదు. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషితో "మా బావమరిదికీ సరిగ్గా ఇలాగే అయింది, పాపం..." అని మొదలుపెట్టి, ఆ బావమరిది దినకర్మల దాకా తీసుకువెళ్ళే ఆత్మీయులున్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లితో "నీకింకొకడు ఉన్నాడు కదమ్మా" అనే వేదాంతులున్నారు. వీరెవరూ దుర్మార్గులు కారు. దుఃఖం ఎదుట మౌనంగా కూర్చోవడం వీరికి చేతకాదు. మాటతో దాన్ని కప్పేయాలని తొందర.

లండన్‌లో చాడ్ వారా అనే ఒక చర్చి గురువు ఉండేవాడు. 1935లో, ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, జరిపించవలసి వచ్చిన మొదటి అంత్యక్రియ ఆత్మహత్య చేసుకున్న ఒక బాలికది. రజస్వల కావడాన్ని ఏదో సిగ్గుపడవలసిన రోగం అనుకుని ఆమె ప్రాణం తీసుకుంది. అడగడానికి ఆమెకు ఒక్క మనిషి లేకపోయారు. 1953లో ఆయన, చావాలనుకునేవారు తనకు ఫోన్ చేయవచ్చని ప్రకటించి ఒక సహాయ కేంద్రం ప్రారంభించాడు. తాను సలహాదారు, వచ్చినవారు వేచి ఉండే గదిలో టీ ఇచ్చి కబుర్లు చెప్పడానికి కొందరు మామూలు మనుషులు. కొన్నాళ్ళకు ఆయన గమనించినదేమిటంటే, చాలామంది ఆ టీ ఇచ్చినవారితో మాట్లాడి, ఇక సలహాదారుతో పని లేదని వెళ్ళిపోతున్నారు! 1954లో ఆయన ఆ పనిని ఆ మామూలు మనుషులకే అప్పగించాడు. సమారిటన్స్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన సంస్థ అదే. చెన్నైలో 1986లో మొదలైన స్నేహ కేంద్రానిదీ ఈ బాటే. మన దేశ ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అన్న సేవను ప్రారంభించింది. 14416కు ఉచితంగా ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇంట్లో దొరకని ఊ కోసం మనిషి ఒక నంబరు వెతుక్కోవలసి రావడం విచారకరమే అయినా, ఆ నంబరు ఉండటం మంచిదే.

వినేవారు మరీ లేకపోతే మనిషి ఏం చేస్తాడు? ఎ.కె. రామానుజన్ 1991లో ప్రచురించిన భారతీయ జానపద కథల సంకలనంలో ఒక తమిళ కథ ఉంది. కొడుకులూ కోడళ్ళూ పెట్టే బాధలు ఎవరికీ చెప్పుకోలేక ఒక వితంతువు నానాటికీ లావెక్కిపోతుంది. ఒకనాడు ఊరి బయట పాడుబడ్డ ఇంటికి వెళ్ళి, ఒక్కో గోడకూ ఒక్కొక్కరి మీద ఉన్న బాధ చెప్పుకుంటుంది. ఆ బరువుకు గోడలు ఒకటొకటిగా కూలిపోతాయి. ఆమె తేలికపడి ఇంటికి నడుస్తుంది. "గోడకు చెప్పుకున్నట్టుంది" అని మనం విసుగ్గా అంటాం. ఆ గోడలు మాత్రం ఆ ఇంటి మనుషుల కంటే నయం. కనీసం కూలిపోయాయి!

*

నా వాదానికి రెండు హద్దులున్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు.

ఒకటి: వినడం అన్నిటికీ మందు కాదు. సాగునీరు లేనివాడికి, పింఛను ఆగిపోయినవాడికి ఊ కొడితే కడుపు నిండదు. అర్జీ పుచ్చుకుని, తలూపి, ఎంతో ఓపికగా విని, ఆ కాగితాన్ని దొంతర అడుగున పెట్టే అధికారి చేసేది సహానుభూతి కాదు, దానికి నకలు. చేయగలిగిన పని ఉన్న చోట పని చేయాలి. కానీ ఏ పని చేయాలో తెలియడానికైనా ముందు వినాలి.

రెండు, ఇంకా ముఖ్యమైనది: ఊ కొట్టే పని అందరికీ సమానంగా పంచలేదు. ప్రతి ఇంట్లోనూ ఒక ఆస్థాన శ్రోత ఉంటుంది. భర్త ఆఫీసు గొడవలు, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, పిల్లల తగాదాలు, ఆడబిడ్డ ఫోను, అన్నీ ఆమె చెవిలోనే పడతాయి. ఆమె మంచి శ్రోత అని అందరూ మెచ్చుకుంటారు. ఆమె తన సంగతి ఎత్తగానే గది ఖాళీ అవుతుంది. వినడం గొప్ప గుణమని నేను చెబితే, అది ఆమె మీద మరొక బరువు మోపడం కాకూడదు. అసలే వింటున్నవారిని ఇంకా వినమనడం ఉపదేశం కాదు, దోపిడి. ఈ మాటలు అలవాటుగా వినిపించుకునేవారి కోసం, వినిపించుకోవడం తమ హక్కనుకునేవారి కోసం.

అందుకే నా దృష్టిలో ఒక ఇంటి ఆరోగ్యానికి గీటురాయి అక్కడ ఎంత మాట్లాడుకుంటున్నారన్నది కాదు. ఊ ఎటు నుంచి ఎటు ప్రవహిస్తోందన్నది. అది కింది నుంచి పైకి మాత్రమే పోతుంటే అక్కడ ఉన్నది విధేయత. రెండు వైపులా పోతుంటే అక్కడ బంధుత్వం ఉంది.

*

చివరగా ఒక పదం గురించి చెప్పి ముగిస్తాను. రోగికి చేసే సేవను శుశ్రూష అంటాం. మందు వేయడం, పక్క సర్దడం, తల నిమరడం అన్నీ అందులోవే. వ్యుత్పత్తి చూస్తే ఆ పదానికి సేవతో సంబంధమే లేదు. 'శ్రు' అనే ధాతువు నుంచి వచ్చింది. శుశ్రూష అంటే వినాలనే కోరిక. తొలినాళ్ళలో అది శిష్యుడు గురువు పట్ల చూపే గుణం. గురువు చెప్పేది వినాలని వేచి ఉండటం, ఆ వేచి ఉండటంలోనే ఆయనకు సేవ చేయడం. అంటే అది కూడా కింది నుంచి పైకి పోయే వినడమే.

అది కాలక్రమంలో గురువు పాదాల దగ్గర నుంచి లేచి రోగి మంచం పక్కకు వచ్చి కూర్చుంది. ఇప్పుడు తల్లి బిడ్డకు శుశ్రూష చేస్తుంది, బలవంతుడు బలహీనుడికి చేస్తాడు. ఒక పదం దిక్కు మార్చుకోగలిగింది. 'మాట వినడం' కూడా అలాగే దిక్కు మార్చుకోలేదా? "మా నాన్న నా మాట వింటాడు" అని ఒక పిల్ల అంటే, ఆయన లొంగిపోయాడని కాక, ఆయన ఆమె ఎదుట కూర్చుని చివరి మాట దాకా ఊ కొట్టాడని మనకు అర్థమయ్యే రోజు రాలేదా?

వస్తుందనే నా ఆశ. మీరేమంటారో చెప్పండి. కాదన్నా సరే, ఊ కొడతాను.